సుజాత గౌను మీది బిల్ల

నిన్న పొద్దుగాల మా ఇంట్ల రేకు పెట్టె మూత లేపంగనే మొదలు కలరా ఉండల వాసన, దాని ఎనక పాత దూది వాసన, అడుగునుంచి సన్నగ తుప్పు వాసన, మూడు ఒకదానెనక ఒకటి ముక్కుకు తగిలినయి. పెట్టె ఎందుకు తెరిసిన అంటరా, నా డిగ్రీ సర్టిఫికెట్ దాసనీకె! అవును, నేను డిగ్రీ పాసైన. మా ఖాందాన్ల ఇదే మొదటి డిగ్రీ. మా నాయినది ఏలిముద్ర, మా తాతది ఏలిముద్ర, తాత వాళ్ళ నాయినకు ఏలు పెట్టే కాగితమే దొరికిందో లేదో తెల్వదు. ఆదివారం ఆదివారం బస్సెక్కి నాగర్‌కర్నూల్ పోయి క్లాసులు ఇని, మిగిలిన ఆరు దినాలు మిషన్ మీద పరుపులకు గలీబులు కుట్టుకుంట, రెండు పేపర్లు తప్పి మళ్ళ రాసి, ఇరవై ఏడేండ్లకు పాసైన. పదిహేను దినాల కింద ఆ కాగితం చేతికి రాంగనే ఈ ముచ్చట ఊరందరికి చెప్దామని వాడకట్టులకు ఉరికిన. ఒక్కలన్న ఇనాలె గదా! అందరు ఎదురింటి మా సుజాత ముచ్చటనే పెట్టిండ్రు. అది అదే దినం ఎంపీటీసీకి నామినేషన్ ఏసొచ్చింది.

చిన్నప్పటిసంది గిట్లనే. నాకు ఒక పండు దొరికితే దానికి చెట్టు దొరుకుతది.

సరె, సర్టిఫికెట్‌ను ప్లాస్టిక్ కవర్ల పెట్టి, రేషన్ కార్డు కింద, అమ్మ పెండ్లి చీర మీద పెడ్దామని చెయ్యి లోపలికి పెడితే ఏలికి ఏదో గుచ్చుకున్నది. తీసి చూస్తే పిన్నీసు, ఆ పిన్నీసుకు రూపాయి బిళ్ళకంటె జర పెద్దగ, గుండ్రంగ, తుప్పు పట్టిన రేకు బిల్ల. పాత ఎలక్షన్లల్ల పంచిన పార్టీ బిల్ల. దాని మీద గుర్తు ఇంకా కనిపిస్తనే ఉన్నది. ఏం గుర్తో చెప్ప. ఓట్లు ఎల్లుండే, నా నోటెంబడి ప్రచారమెందుకు? గని ఆ బిల్ల నాది కాదు. సుజాతది. నేను దొంగతనం చేసింది.

మా ఊరు బల్మూర్‌కు కొంచెం అవుతల. మేము దూదేకులోళ్ళం, తురకలమే గని ఇంట్ల తెలుగే మాట్లాడుతం. నా చిన్నప్పుడు మా నాయిన వాకిట్ల దూలానికి విల్లు కట్టి దూది ఏకుతుంటే టంగుం టంగుం అని ఆ సప్పుడు పొద్దటిసంది పొద్దుమూకేదాక ఇంటుంటిమి, ఎండల లేసిన నూగు మా అన్నం గిన్నెల, నీళ్ళ కడవల, నా కనురెప్పల మీద గూడ వాలుతుండె. తలకు ఎంత నూనె పెట్టినా నా ఎంటికలల్ల ఇంత దూది ఉంటుండె. సుజాత జడ మాత్రం నడుము దాటి, నల్లగ, తళతళ మెరుస్తుండె. వాళ్ళది పల్లికాయ చేన్లు ఉన్న ఇల్లు. అది మా వాకిట్లకు రాంగనే, "ఏమే ముసల్దానా, అప్పుడే నెత్తి నెరిసిందా?" అని నా తల దులుపుతుండె. నేను నవ్వుతుంటి గని లోపల దాని జడను కత్తెరతోని కత్తిరిస్తుంటి.

దాని జడకే కాదు, దేనికి కుళ్లుకోలేదు నేను! ఎండకాలంల చెంచు ఆడోళ్ళు నల్లమల నుంచి మోదుగాకు దొప్పలల్ల తునికి పండ్లు, మొర్రి పండ్లు తెచ్చి అచ్చంపేట బజార్ల అమ్ముతుంటే, వాళ్ళ నాయిన గంపెడు తెస్తుండె, మా నాయిన దొప్పెడు తెస్తుండె. సలికాలం మొదలైతుండంగ సీతాఫలాలు వడ్ల గడ్డిల మాగవెడితే వాళ్ళ ఇల్లంత తియ్యటి వాసన, నేను గడప కాడ నిలవడి ఆ వాసన పీల్చుకుంట మావి ఎప్పుడు మాగుతయో అని ఏడుస్తుంటి. పీర్ల పండుగకు అలావ నిప్పుల గుండం చుట్టు దప్పులు మోగుతుంటే పీరు ఎత్తుకొని ఆడేది సుజాత వాళ్ళ నాయిన. పీరు మాది, ఫాతియా సదివేది మా నాయిన, ఊరంత చూసేది మాత్రం వాళ్ళ నాయిననే! రొట్టె, బెల్లం కలిపి దంచిన మలీద ముద్దలు పంచేటప్పుడు మా అమ్మ గూడ మొదటి ముద్ద సుజాతకే పెడుతుండె. "ఎదురింటి బిడ్డ గదనే" అంటుండె. నేను ఇంటి బిడ్డను, నాకు అడుగున మిగిలిన పొడి.

వానకాలం మాత్రం నాకు కుళ్లుకోనీకె తీరకపోతుండె, భయంతోనే సరిపోతుండె. బడి వాగు అవుతల. వాగు మీద అప్పుడు ఏం లేదు, నాలుగు రాళ్ళు. నీళ్ళు మోకాళ్ళకు వచ్చినయంటే ఊరి ఆడపిల్లలు సగం మంది బడి మానుకుంటుండిరి. సుజాత నాకంటె జానెడు పొడుగు, అది తన సంచి, నా సంచి రెండు నెత్తిన పెట్టుకొని, నా చెయ్యి మణికట్టు కాడ గట్టిగ పట్టుకొని, "కిందికి చూడకు, నా జడను చూసుకుంట రా" అంటుండె. నేను ఏ జడను కత్తిరిద్దామనుకుంటినో ఆ జడనే చూసుకుంట ఎనిమిదేండ్లు వాగు దాటిన.

ఇగ ఓట్లొచ్చినయంటే మాకు పండుగ మీద పండుగ. ఎర్రటి దుమ్ము లేపుకుంట జీపులు వస్తుండె, మైకుల పాటలు ఇనిపించంగనే చేతుల ముద్ద చేతులనే పెట్టుకొని ఉరుకుతుంటిమి. కాగితాలు ఎగరేస్తుండిరి, బిల్లలు పంచుతుండిరి. ఏ పార్టీదో మాకెందుకు? అన్ని కావాలె. పొద్దుగాల ఒక జెండా ఎనక, పగటీలి ఇంకో జెండా ఎనక, గొంతు పోయేదాక అందరికీ జై కొడుతుంటిమి. బిల్లలన్ని గౌను మీద వరుసగ గుచ్చుకొని, జాతరల తిరిగినట్టు వాడకట్టంత తిరుగుతుంటిమి. అరుగుల మీద కూసున్న ముసలోళ్ళు నవ్వి, "ఎవరికేస్తరే మీ ఓట్లు?" అంటే, సుజాత రొమ్ము ఇరుసుకొని, "అందరికి!" అంటుండె.

ఒకసారి దానికి ఐదు బిల్లలైనయి, నాకు నాలుగు. ఐదోది జీపు మీదున్నాయన వొంగి దాని చేతులనే పెట్టిండు, పొడుగుంటది గదా, దాని చెయ్యే అందింది. కొత్త రేకు, ఎండకు అద్దంలెక్క మెరిసేది. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. తెల్లారి అది గౌను ఇప్పి బాయి కాడ దండెం మీద ఏసి తానం చేస్తుంటే, నేను పోయి ఆ ఒక్క బిల్ల పీకి నోట్ల దాసుకున్న. అది ఏడ్సుకుంట వాకిలంత ఎతికింది, నేను గూడ దానితోని వొంగి ఎతికిన. నోట్ల బిల్ల, మాట్లాడరాదు. "దీనికేమైందే, మూగదైందా?" అని మా అమ్మ నా వీపు మీద ఒకటి చరిసింది. అప్పటి ఇనుప రుచి ఇప్పటికీ నా నాలుక మీదున్నది. ఆ బిల్లను ఒక్కనాడన్న పెట్టుకుంటే గదా! అది చూస్తదని భయం. పెట్టె అడుగున ఏసి మర్చిపోయిన.

పదో తరగతి కాంగనే సుజాతకు ఊర్లనే వాళ్ళ బావతోని పెండ్లైంది, సదువు బందైంది. మనసుల మాట చెప్తున్న, అప్పుడు నాకు జర సంతోషమే అయింది. ఇగ ఇందుట్ల నేనే ముందల అనుకున్న. గని సర్పంచి ఎలక్షన్ల ఆడోళ్ళకు రిజర్వు అయితే అది నిలవడింది. సర్పంచి ఓట్లకు పార్టీ గుర్తులుండవు, దానికి ఉంగరం ఇచ్చిండ్రు. నేను కుళ్లుకుంటనే పోయి ఉంగరం మీద గుద్దొచ్చిన. గెలిచింది. గెలిచి ఊకున్నదా, చంకల బిడ్డతోని ఆఫీసులెంబడి తిరిగి తిరిగి వాగు మీద బ్రిడ్జి కట్టించింది. నా డిగ్రీ ఆఖరి పరీక్షలు మంచి వానలల్ల పడినయి. ఆ బ్రిడ్జి మీదికెల్లే పోయి రాసిన.

ఇప్పుడు ఎంపీటీసీ. దీనికి పార్టీ జెండా ఉంటది. మిగతా పార్టీలోళ్ళు టికెట్ వాళ్ళ వాళ్ళకే ఇచ్చుకున్నరు, దీన్ని పిలిచి ఇచ్చింది ఒక్క పార్టీనే. ఆ పార్టీనే, ఢిల్లీల మా అసొంటోళ్ళను నీ తాత యాడ పుట్టిండో కాగితం తే అని అడుగుతమంటున్న పార్టీ. నా చేతుల బిల్ల మీద గుర్తు దానిదే. మా తాత దూది ఏకుకుంట ఊరూరు తిరిగినోడు, యాడ పుట్టిండో మా నాయినకే తెల్వదు. మా రేకు పెట్టెల ఉన్న పెద్ద కాగితం ఏదన్న ఉన్నదంటే అది నిన్న పెట్టిన నా సర్టిఫికెటే.

రాత్రి అన్నం కాడ నాయిన అన్నడు, "మనిషిని చూసి ఎయ్యాలె బిడ్డా. బ్రిడ్జి ఎవరు కట్టిచ్చిండ్రు? ఢిల్లీ వచ్చి నీ చెయ్యి పట్టుకొని వాగు దాటిచ్చిందా?"

అమ్మ అన్నది, "మనిషి మంచిదే. ఆ జెండా చూస్తే నాకు గుండెల దడ. నువ్వు సదివినవు గదనే, నువ్వే చెప్పు. నువ్వు ఎవరికంటే మేం వాళ్ళకే."

నాకు ఆ మాటకు నవ్వు రావాలె. ఇంట్ల నన్ను ఒక మాట అడిగిన దినం అదే. గని రాలే. సుజాత గెలుపు మీద నాకు కుళ్లా, లేకుంటే ఆ జెండా మీద భయమా? నాకు నేనే ఎట్ల నమ్మాలె? నోట్ల బిల్ల పెట్టుకొని దానితోనే ఎతికిన దాన్ని నేను.

ఇంకొక సంగతి గుచ్చుకుంటుండె. సుజాత వాడకట్టుల ఇల్లిల్లు తిరిగింది. ఎదురిల్లు, మా ఇంటికే రాలే. "నీకు ఎయ్య" అని చెప్పనీకె మూడు దినాలసంది మాటలు కూడబెట్టుకొని కూసున్న నేను, అడిగితే గదా! ఇగ ఉండలేక, ఇయ్యాల పగటీలి ఒక చేతుల సర్టిఫికెట్, ఇంకో చేతుల బిల్ల పట్టుకొని నేనే పోయిన.

అది అప్పుడే తిరిగొచ్చి, కాళ్ళకు దుమ్ముతోనే కూసొని సజ్జ రొట్టె తింటున్నది. నన్ను చూడంగనే మెడల పార్టీ కండువ తీసి గోడ మొలకు తగిలిచ్చింది.

"మా ఇల్లు కనిపించలేదా నీకు?" అన్న.

"వస్తే ఏమంటుంటివి?"

"ఎయ్య అంటుంటి."

"గందుకే రాలే. ఆ మాట నీ నోట ఇనబుద్ధి కాలే." రొట్టె పక్కకు పెట్టింది. "కుళ్లానే?"

"కుళ్లు ఎప్పటిసందో ఉన్నది. ఆ కుళ్లుతోనే ఉంగరం మీద గుద్దిన. ఉంగరం ఇస్తే ఇప్పుడు గూడ గుద్దుత. ఇది మా తాత సంగతి."

"నేను లేనా? ఈ ఊర్ల నిన్ను కాగితం అడిగేటోడు ఎవడే?"

"నువ్వు అడగవు. నీ జెండా అడుగుతది. నువ్వు గెలిస్తే వాళ్ళ లెక్కల ఒకటి పెరుగుతది. అడిగిన దినం నువ్వు మాకు అడ్డం నిలవడుతవా?"

అది మొలకున్న కండువ దిక్కు చూసింది. "అబద్ధం చెప్ప. తెల్వదే," అన్నది.

ఇంకెవరైతే నిలవడుత అని ఒట్టు పెడుతుండె. దీనికి నిజం చెప్పే ధైర్యం గూడ నాకంటె ఎక్కువనే, దానికి గూడ కుళ్లుకున్న. గని ఓటు సంగతిల ఉన్నది కుళ్లు కాదని నా మనసుకు అక్కడనే తేలిపోయింది. "నా ఓటు నీకు రాదు సుజాత. మా అమ్మ, నాయినవి వాళ్ళ ఇష్టం. నేను చెప్పను," అన్న. అది తలకాయ ఊపింది. కండ్లల్ల నీళ్ళు పెట్టుకోలే, గని పెట్టుకుంటే బాగుండు అనిపించింది.

అప్పుడు అరచెయ్యి తెరిసి బిల్ల చూపించిన. మొదలు గుర్తు పట్టలే. తర్వాత, "దొంగముండా! నువ్వానే! నాతోనే ఎతికితివి గదనే!" అని నా భుజం మీద గుద్ది గుద్ది నవ్వింది.

"తీసుకో, నీదే."

"నాకు వద్దు. ఆ కాగితం సూపియ్యి." చేతులు చీరకు రెండుసార్లు తుడుసుకొని సర్టిఫికెట్ పట్టుకున్నది. ఇంగ్లీషుల ఉండె, ఒక్కొక్క అక్షరం కూడుకొని నా పేరు చదివింది, మా నాయిన పేరు చదివింది, మళ్ళ నా పేరు చదివింది. "ఇది నాకియ్యి, ఎంపీటీసీ నువ్వు తీసుకో," అన్నది. నవ్వుకుంటనే అన్నది, గని కాగితం ఎమ్మటే ఇడవలే. అప్పుడు తెలిసింది, ఇన్నేండ్లసంది కుళ్లుకున్నది నేనొక్కదాన్నే కాదు.

నేను లేస్తుంటే ఆ తుప్పు బిల్లను నా చున్నీకి గుచ్చింది. "ఒక్కనాడన్న పెట్టుకోకపోతివి గదా, ఇంటిదాక పెట్టుకొని పో," అన్నది.

ఇంటిదాక అంటే ఎంత, ముప్పై అడుగులు. ఇప్పుడు మా ఊర్లకు జీపులు రావు, పాటలు ఫోన్లకే వస్తయి, పిల్లలు ఎవరి ఎనకా ఉరకరు. మా వాకిట్ల విల్లు లేదు, దూది బల్మూర్ల మిషన్ ఏకుతది. అరుగు మీద ఇద్దరు పెద్దమనుషులు మాత్రం కూసున్నరు, ఎవరి మెడల వాళ్ళ పార్టీ కండువ. వాళ్ళు నా దిక్కు చూడకముందే సుజాత గడప కాడనే ఆగి బిల్ల తీసి పిడికిట్ల దాసుకున్న. ఇదే వాడకట్టుల ఒక దూది తలకాయ పిల్ల నాలుగు పార్టీల బిల్లలు ఒక్క గౌను మీద పెట్టుకొని ఈ కొసనుంచి ఆ కొసదాక తిరిగింది, ఎవ్వరూ ఏమీ అనలే. సుజాత మీద కుళ్లు జర తగ్గింది గని, ఆ పిల్ల మీద మాత్రం ఇయ్యాల కొత్తగ మొదలైంది.