చప్పుడు తీసేసిన కెమెరా

పాప పుట్టిన నెలకి మావారు ఒక చిన్న మిర్రర్‌లెస్ కెమెరా కొన్నారు. సింగపూర్ టాంపినీస్‌లో మా ఫ్లాట్ పడకగదికి వెలుతురు తక్కువ. ఫోన్‌లో తీస్తే పాప ముఖం మసకగా వచ్చేది. కెమెరా మొదటిసారి క్లిక్‌మనగానే పాప ఉలిక్కిపడి ఏడ్చింది. ఆ సాయంత్రమే మెనూలో వెతికి సైలెంట్ షట్టర్ పెట్టాను. బీప్‌లు కూడా తీసేశాను. తల్లిగా మంచి పని చేశాననుకున్నాను.

ఆరో నెలలో పాప నిద్ర లేస్తూ రెండు చేతులూ పైకి విసిరి, తల ముందుకు వాల్చడం మొదలుపెట్టింది. కాసేపు ఆగి మళ్లీ అదే. అప్పుడు మా అత్తమ్మ మాతోనే ఉన్నారు.

“గది ఉలికిపాటే బిడ్డా. నీ మొగుడు ఉలుక్కోకుండనే పెరిగిండా? సదువుకున్నోళ్లకు అన్నీ రోగాలే కనవడ్తయి.”

క్లినిక్‌లో డాక్టర్ ఏమవుతోందని అడిగితే, ఉలికిపాటుకు నాకు తెలిసిన ఇంగ్లీషు మాట చెప్పాను. స్టార్టిల్. ఆయన అదే టైప్ చేసుకున్నారు.

“మమ్మీ, డోంట్ వర్రీ లా. బేబీస్ అందరూ చేస్తారు. మళ్లీ వస్తే వీడియో తీయండి.”

ఇక్కడ క్లినిక్‌లలో ఏ తల్లినైనా మమ్మీ అనే పిలుస్తారు. ఆ పిలుపుకు కొంత ధైర్యం వచ్చింది.

కెమెరాను ఉయ్యాల పక్కన తగిలించుకున్నాను. “ఎర్ర చుక్కది వీడియోకి, పైన పెద్దది ఫొటోకి. ఒక్కసారి నొక్కు, గంతే,” అన్నారు మావారు.

పాప చేతులు లేచిన మొదటి క్షణమే ఎర్ర చుక్క నొక్కాను. ఏ చప్పుడూ లేదు. మొదలు కాలేదేమోనని మళ్లీ నొక్కాను. తర్వాత తెరిచి చూస్తే అందులో దుప్పటి అంచు, నా ఊపిరి, అంతే. మొదలైన వీడియోను నేనే ఆపేశాను. ఆ తర్వాత చాలా రోజులు అది నేను పక్కన లేనప్పుడే వచ్చిందని అత్తమ్మ చెప్పేవారు. డాక్టర్ వద్దన్న కంగారే కదా అని ఊరుకున్నాను.

క్లినిక్‌కి వెళ్లొచ్చిన మూడో వారంలో ఒక మధ్యాహ్నం నా కళ్లముందే మళ్లీ వచ్చింది. ఎర్ర చుక్కను నమ్మలేక పెద్ద బటన్ నొక్కి అలాగే పట్టుకున్నాను. పార్కులో పక్షుల కోసం మావారు పెట్టిన బర్స్ట్ మోడ్ మార్చనేలేదు. వరసగా ఫొటోలు పడుతూనే ఉన్నాయి. తెర మీద పాప ముఖం చుట్టూ, కెమెరా ముఖాన్ని గుర్తుపట్టినట్టు, చిన్న చతురస్రం. తల వాలగానే అది మాయమయ్యేది. తల లేవగానే వచ్చేది. మళ్లీ మాయం. కెమెరా పాపను పోగొట్టుకుంటోంది. నా వేలు మాత్రం బటన్ మీదే ఉంది.

ఆ సాయంత్రం పాపను ఎత్తుకుని నేనూ మావారూ క్లినిక్‌కి వెళ్లాం. ఫొటోలు చూసి డాక్టర్ నవ్వాలని, నన్ను పిచ్చితల్లి అనుకోవాలని కోరుకున్నాను. ఆయన కెమెరా వెనకున్న చక్రాన్ని బొటనవేలితో గబగబా తిప్పారు. పాప ముడుచుకుంది, విచ్చుకుంది, ముడుచుకుంది. చక్రం ఆగింది.

“మమ్మీ, ఇది స్టార్టిల్ కాదు.”

ఇది ఒక రకం మూర్ఛ అని, ఎంత త్వరగా మందు మొదలుపెడితే అంత మంచిదని, ఇంటికి కాకుండా నేరుగా పిల్లల ఆస్పత్రికి వెళ్లమని చెప్పారు. టాక్సీ ఎక్కాం. నా మాట వల్ల పోయిన మూడు వారాలను నేను లెక్కపెడుతున్నానని మావారికి తెలుసు.

మర్నాడు వార్డులో మెనూ తెరిచి, తీసేసిన చప్పుళ్లన్నీ తిరిగి పెట్టాను. పాప మెలకువగానే ఉంది. తన చెవి దగ్గర కెమెరా పెట్టి బటన్ నొక్కాను. క్లిక్‌మంది.

పాప ఉలిక్కిపడలేదు. రెప్ప కూడా కదల్లేదు.

“మల్లొక్కసారి నొక్కు,” అన్నారు మావారు.

నొక్కాను.