రేవులో డ్రైవరమ్మ

ముందు చప్పుడు వినిపించింది. టక, టక, టక. పళ్ళ చక్రం మీద ఇనుప నాలుక పడే చప్పుడు. సరస్సు మీద మంచు ఇంకా విడలేదు. ఆ మంచులో, ఒడ్డున ట్రైలర్ మీదున్న పడవలోంచి తెరచాప కొయ్య ఒకటి బద్ధకంగా పైకి లేచింది. దాని కింద, చక్రం తిప్పుతూ ఆవిడ.

సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. అందరికీ డ్రైవరమ్మే. పడవ మాత్రం భార్యాభర్తలిద్దరిదీ. ఆయన కొయ్య ఎత్తితే ఆవిడ తాళ్ళు బిగించేది. ఆయన భుజం దెబ్బతిన్నాక పడవ షెడ్డుకే పరిమితమైంది. ఆవిడ చెల్లెలి భర్త అమ్మేయమని చెవిలో పోరు పెట్టాడు, కొనేవాణ్ణి కూడా తెచ్చాడు. ఆవిడ పందెం కాసింది: ఎవరి చెయ్యీ, ఎవరి మాటా సాయం లేకుండా నీళ్ళలోకి దింపితే పడవ ఇంట్లోనే ఉంటుంది. దింపలేకపోతే సాయంత్రానికి వెళ్ళిపోతుంది.

అందుకే ఆయన పిట్టగోడ మీద నా పక్కనే పెదవి బిగించి కూర్చున్నాడు.

ట్రైలర్ ముందున్న ఆ చక్రానికి చుట్టిన తాడు, పొట్టి కర్ర మీదుగా వెళ్ళి కొయ్యను లాగుతోంది. భుజబలం అక్కర్లేని ఉపాయం, ఆవిడే కనిపెట్టుకుంది. కొయ్య నిలబడ్డాక దాన్ని ఇరువైపులా పట్టి ఉంచే తీగలు రెండూ వేలితో మీటింది. ఒకే శ్రుతిలో పలికాయి, బిగువు సమానమే. చుక్కాని బిగించింది. పడవ ముక్కుకున్న తాడును గట్టు మీది గుంజకు కట్టి, కారెక్కింది.

ట్రైలర్‌ను వెనక్కి నడపడమంటే మొండి దూడను తోలడమే. స్టీరింగు ఎడమకు తిప్పితే అది కుడికి పోతుంది. ఆవిడ మాత్రం గీత గీసినట్టు రేవులోకి దింపింది.

పడవ తేలలేదు. నీళ్ళు దాని వెనక అంచు దాకా ఎక్కాయి. ఆయన సగం లేచి, నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

"ఒక్క మాట చెప్పనా వదినా?" అన్నాడు మరిది నవ్వుతూ.

"దాచుకోండి మరిదిగారూ. సాయంత్రం చెల్లి నిలదీసినప్పుడు పనికొస్తుంది."

ఆఖరి స్టాపులో దిగేముందు బస్సంతా ఒకసారి వెనక్కి చూడడం ఆవిడకు అలవాటు. ఇప్పుడూ అలాగే అద్దంలోకి చూసింది. చూపు పడవ చివర ఆగింది. దాన్ని ట్రైలర్‌కు కట్టిన పట్టీ విప్పనేలేదు. కారును పైకి లాగి, దిగి, పట్టీ విప్పి, మళ్ళీ వెనక్కి పోనిచ్చింది. ఈసారి నీళ్ళు పడవను చంటిబిడ్డలా ఎత్తుకున్నాయి.

మరిది ఫోను తీసి కొనేవాణ్ణి రావద్దన్నాడు. పిట్టగోడ మీద ఆయన ఒడ్డున ఉన్న ఒక్కొక్కరి ముఖంలోకీ చూశాడు, అందరూ చూశారా లేదా అన్నట్టు.

ఆవిడ కారు పక్కన పెట్టి వచ్చి, పడవెక్కి, తెరచాప ఎత్తింది. గాలి నిండింది. గుంజకు కట్టిన తాడు మాత్రం విప్పలేదు. ఇంకా ఎందుకు ఆగారని అడిగాను.

"దింపడం ఒక్కదాన్నే అన్నాను గానీ, తిరగడం ఒక్కదాన్నే అన్లేదు కదండీ. మీ పక్కనే కూర్చున్నారు, కాస్త ఆయన్ని రమ్మనండి."