కెమెరాతో వచ్చిన సీడీ

విశాఖ పూర్ణా మార్కెట్ వెనక సందులో స్టూడియో పెట్టుకున్న గురువులుకి ఒక విద్య వచ్చు. చనిపోయినవాళ్ళ కళ్ళు తెరిపించేవాడు. బతికుండగా ఒక్క ఫొటో అయినా దిగనివాళ్ళు మన వైపు కోకొల్లలు. అలాంటివాళ్ళు పోతే, శవాన్ని లేపకముందే గురువులుకి కబురొచ్చేది. గోడకానించి కూర్చోబెట్టిన మనిషిని ఫొటో తీసుకొచ్చి, ముందు కళ్ళ వరకే పెద్ద ప్రింటు వేసి దాని మీద చెయ్యి సాధన చేసుకునేవాడు. పోయినవాళ్ళ పిల్లల్నో తోబుట్టువుల్నో ఎదురుగా కూర్చోబెట్టుకుని వాళ్ళ చూపు పట్టుకునేవాడు. ఆ తర్వాతే అసలు ప్రింటు మీద సన్న కుంచెతో రెప్పలు చెరిపి కళ్ళు గీసేవాడు. ప్రింటు పాడైతే చించి పారేసి ఇంకోటి వేసుకునేవాడు. నెగెటివ్ రేకుడబ్బాలో భద్రంగా ఉండేది కదా, ఇంక భయమేమిటి!

ఇరవైయేళ్ళు అలా గడిచాయి. రెండువేల నాలుగు నాటికి రీళ్ళు కడిగే ల్యాబులు ఒక్కొక్కటే మూతపడుతుంటే, గురువులు కూడా తప్పనిసరై డిజిటల్ కెమెరా, పాత కంప్యూటరు కొన్నాడు. కెమెరా అట్టపెట్టెలో ఫొటోలు దిద్దుకునే సాఫ్ట్‌వేర్ సీడీ ఒకటి వచ్చింది. ద్వారకా నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే అతని బావమరిది వీర్రాజు ఆ సీడీ చూసి పెదవి విరిచాడు.

"ఇది పిల్లలాట బావా. వెలుగు పెంచుకోడానికీ, అంచులు కత్తిరించుకోడానికీ పనికొత్తాది, అంతే. కళ్ళు తెరిపించాలంటే వేరే కంపెనీది నాను ఏసిత్తాను, నేర్సుకో. దాన్లో అసలు ఫొటో కింద అలాగే ఉంటాది, నువ్వు పైన ఇంకో పొర మీద గీసుకుంటావు."

గురువులు మూడు రోజులు వెళ్ళి కూర్చున్నాడు. మౌస్ చేతిలో సబ్బుబిళ్ళలా జారిపోయేది. యాభై రెండేళ్ళ మనిషి, కుంచె పడితే వెంట్రుకంత గీత తిన్నగా లాగే మనిషి, బావమరిది ముందు ఒక్క కనురెప్ప గీయలేకపోయేసరికి తల కొట్టేసినట్టయింది. నాలుగో రోజు ఇంక వెళ్ళలేదు. అడిగితే, కెమెరా చేసినవాడికి తెలియంది ఎవడో దారినపోయేవాడికి తెలుస్తుందా అని ఎదురు దబాయించాడు. పైగా, కెమెరా, సీడీ ఒకింటివే కనక నెగెటివ్ ఆ కెమెరాలోనే ఎక్కడో ఉండిపోతుందనుకున్నాడు. అలాగని ఎవరూ చెప్పలేదు. నెగెటివ్ లేకుండా ఫొటో ఉంటుందని ఎరగని మనిషికి, అది అడగాల్సిన సంగతని తోచనే లేదు.

ఆ ఏడు శ్రావణంలో గంగరాజు దగ్గర్నుంచి కబురొచ్చింది. అతను స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు కూలీ, ఇల్లు సబ్బవరం అవతల. భార్య రోజారమణి నాలుగు రోజుల జ్వరానికి పోయింది. పట్టుమని ఇరవై మూడేళ్ళు లేవు. పెళ్ళికి ఫొటోలు తీయించుకునే స్థోమత లేదు. ఊళ్ళో ఓటరు కార్డులకి ఫొటోలు తీసినప్పుడు ఆమె పురిటికని పుట్టింట్లో ఉంది. ఆ పుట్టిన పాప, రెండేళ్ళది, తల్లి చీర కొంగు పట్టుకుని లాగుతోంది. గురువులు పాప కళ్ళు చూశాడు. మూడు ఫొటోలు తీశాడు. కెమెరా వెనక బుల్లితెర మీద రెప్పలు పెద్దవి చేసుకుని, గీత ఎక్కడ పెట్టాలో లెక్కేసుకున్నాడు.

స్టూడియోకి వచ్చి కెమెరాలోని మెమరీ కార్డు తీసి కంప్యూటర్‌కి పెట్టగానే ఆ సాఫ్ట్‌వేర్ ఫొటోలన్నీ కంప్యూటర్లోకి దించి, కార్డులోవి చెరిపేయనా అని అడిగింది. చెరిపేయమన్నాడు. రెండు ఫొటోలు కాస్త కదిలాయి. వాటిని పారేసి, కంప్యూటర్లోని చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. మిగిలినదాన్ని, ఎప్పటిలాగే సాధన కోసం, కళ్ళ వరకు కత్తిరించాడు. రెప్పలు చెరపబోతే ఆ సాఫ్ట్‌వేర్‌లో మచ్చలు మాపే కుంచె ఒక్కటే దొరికింది. అది చెంప మీద చర్మం తెచ్చి రెప్పల మీద పూసింది. పాడైతే పాడైంది, సాధన ప్రింటే కదా అనుకుని భద్రం చేయమన్నాడు. పాత ఫొటో తీసేసి దాని చోటే పెట్టనా అని అది అడిగితే ఊఁ కొట్టాడు. ఆ తర్వాత రెండు రోజులు అదే కార్డు మీద కాలేజీ పిల్లలకి పాస్‌పోర్టు ఫొటోలు తీశాడు.

మూడో రోజు అసలు పని మొదలుపెడదామని కెమెరాలో నెగెటివ్ కోసం వెతికాడు. లేదు. కంప్యూటర్లో ఉన్నదల్లా నుదుటి కిందనుంచి ముక్కు సగం దాకా ఒక చర్మం ముక్క. అందులో కళ్ళు కూడా లేవు. చెరిపేసిన ఫొటోలు వెనక్కి రప్పిద్దామని వీర్రాజు ఆ కార్డు పెట్టుకుని ఒక పూటంతా కూర్చున్నాడు. దీని మీద మళ్ళీ ఫొటోలు తీసేశావు గదా బావా అని మాత్రం అన్నాడు, ఇంకో మాట ఎత్తిపొడవలేదు. నాలుగు తిట్టినా గురువులు పడేవాడు.

పదో రోజు పొద్దున్నే గంగరాజు వచ్చాడు, ఆకులో చుట్టిన బంతిపూల దండతో. కళ్ళు కుదరలేదని గురువులు గొణిగాడు.

"పోన్లెండి బాబూ," అన్నాడు గంగరాజు. "తెరిపించకపోతే మానె. మూసున్నదే ఇచ్చెయ్యండి."

గురువులు అదీ లేదని, తప్పంతా తనదేనని చెప్పాడు. వయసులో పెద్దవాడయ్యుండీ కాళ్ళు పట్టుకోబోయాడు. గంగరాజు వెనక్కి జరిగి, బల్ల మీద పెట్టిన దండ తీసుకున్నాడు. అరవలేదు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"నానెలాగూ మర్సిపోను. పాపకే తెల్దు. రేపు పెద్దదై అమ్మ ఎలాగుండేదంటే, నాకు సెప్పడం సేతకాదు. మీరు దగ్గర్నించి సూసేరు గదా. అప్పుడు తీసుకొత్తాను, మీరు సెప్పండి బాబూ."

సరేనన్నాడు గురువులు. అతను సందు మలుపు తిరగ్గానే పాత కుంచెలు తీసి, అట్ట మీద ఆ ముఖం గీద్దామని కూర్చున్నాడు. గడ్డం కోలగా ఉందా, గుండ్రంగా ఉందా? నోటి దగ్గర ఎలా ఉంది? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఆ ఇంట్లో అరగంట సేపు ఆమెకి ఎదురుగానే ఉన్నాడు కానీ, రెప్పలు తప్ప ఇంకేమీ చూడలేదు.