జేజి వేలు ఆగిన చోటు

దయ్యాలనీ మాయలనీ నేనెన్నడూ నమ్మలేదు. కర్నూలులో కాలేజీ పిల్లలకు యూరప్ చరిత్ర చెప్పుకుని బతికే మనిషిని. చచ్చిపోయిన రాజులతోనే రోజూ నా పని. ఒక్కడైనా లేచొచ్చి నువ్వు చెప్పింది తప్పని నన్ను నిలదీసింది లేదు.

రాజవంశాల పటాలు గీయడం నాకు పిచ్చి. జర్మన్ డ్యూకుల వంశాలు క్లాసులో గోడ నిండా వేలాడదీస్తాను. ఆ ఇళ్ళలో ఎవడైనా తక్కువ ఇంటి పిల్లను చేసుకుంటే దాన్ని ఎడమచేతి పెళ్ళి అనేవాళ్ళు. ఆ భార్యకూ పిల్లలకూ బిరుదు రాదు, వారసత్వం రాదు. చాలాసార్లు వంశపటంలో చోటు కూడా దక్కేది కాదు. అది చెప్పి పిల్లలతో కలిసి నవ్వేదాన్ని. గొప్పింటి బుద్ధులు అలాగే ఏడుస్తాయని కూడా అనేదాన్ని.

పోయిన ఏడాది వేంపల్లెలో మా నాయనవాళ్ళ నాయన, జేజినాయన శతజయంతి చేశారు. మా వంశవృక్షం ఫ్లెక్సీ వేయించే పని నాకే అప్పజెప్పారు. గీసి పెదనాయనకు పంపాను. ఆయన ఫోన్ చేసి మా మేనత్త ఈశ్వరమ్మ పేరు తీసెయ్యమన్నాడు. అది ఉంటే బంధువుల ముందు తలెత్తుకునేది ఎట్లా అన్నాడు. ఆమె ముప్పై ఏళ్ళ కిందట మగ్గం నేసే ఇంటి అబ్బాయిని చేసుకుని మైదుకూరు వెళ్ళిపోయింది. అప్పటినుంచి రాకపోకలు లేవు.

క్లాసులో చెప్పేవి శ్రీరంగనీతులు. ఆయన మాటకు నేను కనీసం గొణగను కూడా లేదు. పేరు తీసేసి, ఖాళీ కనపడకుండా మా నాయన పేరును ఆ చోటికి జరిపాను. సంగతి పెదనాయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

జయంతి రోజు పొద్దున జేజి, అంటే మా నాయనవాళ్ళ అమ్మ, ఫ్లెక్సీ దగ్గరికి తీసుకుపొమ్మంది. ఆమెకు చదువు రాదు. నీటికాసుల జబ్బుతో రెండు కళ్ళూ పోయి చాలా ఏళ్ళయింది. కుడిచేత్తో నా భుజం పట్టుకుని, ఎడమచేత్తో తడుముతూ పోయింది. నున్నటి ఫ్లెక్సీ, చేతికి అక్షరం తగిలేది కాదు. ఒకచోట వేలు ఆగింది.

"ఈడ మా ఈశ్వరి ఉండాల గదమ్మే. యాడికి పాయ?"

ఆ వేలు మా నాయన పేరు మీద ఉంది. పక్కనే ఉన్న పెదనాయన తువ్వాలు సర్దుకుంటూ షామియానా వైపు వెళ్ళిపోయాడు. అచ్చేసినవాళ్ళు తప్పు చేశారని నేను అబద్ధం చెప్పాను. చూపు లేని మనిషి ముఖంలోకి కూడా నేను చూడలేకపోయాను.

ఎవరో చెప్పి ఉంటారని మనసుకు సర్దిచెప్పుకోబోయాను. పేరు లేదని చెప్పగలరేమో, వేలు పెట్టాల్సిన చోటు ఎవరు చెప్తారు? ఇంటికొచ్చి పాత ఫైలు తెరిచి కొలిచాను. ఈశ్వరమ్మ పేరు ఉండింది సరిగ్గా అక్కడే.

తర్వాత పేరు చేర్చి కొత్తది వేయించాను. పెదనాయనను అడగకుండానే జేజి గదిలో తగిలించి, ఆమెను దాని ముందు నిలబెట్టాను. ఈసారి చేయి పైనుంచి కిందిదాకా తిరిగింది గాని ఎక్కడా ఆగలేదు.

"నాకేం కనపడతాదమ్మే, నువ్వే చూపియ్యి" అంది.

ఆమె వేలు పట్టుకుని ఈశ్వరమ్మ పేరు మీద పెట్టాను. జేజి దాన్ని చాలాసేపు తీయలేదు. నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది.

మొదటిసారి ఆ వేలిని అక్కడికి ఎవరు నడిపించారో నాకిప్పటికీ అంతుపట్టలేదు. ఆ పేరు తీసేసినప్పుడు నా వేలిని మాత్రం ఎవరూ పట్టుకుని నడిపించలేదు.