డిలీట్ బటన్ మీద ప్లాస్టర్

ఈ సంగతి మా ఇంట్లో వాళ్ళకు కూడా తెలియదు. ఏళ్ళ తరబడి కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. దీనివల్ల నాకు తిండి సయించలేదనో, నిద్ర పట్టలేదనో చెబితే అబద్ధం. బాగానే తిన్నాను, బాగానే నిద్రపోయాను. ఎట్లా పట్టింది నిద్ర? అదే ఇప్పుడు నన్ను భయపెడుతోంది. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పే ధైర్యం లేదు. అయినా ఎవరో ఒకరికి చెప్పకుండా ఇక ఉండలేను.

నాది ప్రొద్దుటూరు. చిన్న చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు, మెయిల్ సర్వర్లు చూసుకోవడం నా పని. అప్పట్లో మా ఊళ్ళో గల్ఫ్‌కు పనివాళ్ళను పంపే ఆఫీసు ఒకటి ఉండేది. అక్కడ పని నాకు ఇప్పించింది ఆ ఆఫీసు గుమాస్తా. ఆయన్ను ఇక్కడ దస్తగిరి మామ అంటాను. అసలు పేరు అది కాదు. నా పేరు బయటపడకుండా ఉండాలని ఆయన పేరు కూడా మార్చాను.

మామకు కంప్యూటరంటే భయం. పొద్దున్నే బిస్మిల్లా అనుకుని మెయిల్ తెరిచేవాడు. ఒక్క వేలితో టైపు చేసేవాడు. డిలీట్ బటన్ జోలికి పోవద్దని మొదట్లో నేనే చెప్పాను. మరుసటి రోజు చూస్తే ఆ బటన్ మీద గాయాలకు వేసే ప్లాస్టర్ ముక్క అతికించి ఉంది. నేను పకపకా నవ్వాను. ఆయన కూడా నవ్వాడు.

కొన్నాళ్ళకు ఆ ఆఫీసు సర్వర్‌ను అప్‌గ్రేడ్ చేయాల్సి వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు కోసం ఆఫీసు మూసేవాళ్ళు. గల్ఫ్ కంపెనీలకు కూడా శుక్ర, శనివారాలు సెలవు. ఎవరికీ ఇబ్బంది ఉండదని ఆ పూటే పని పెట్టుకున్నాను. అయ్యాక ఆఫీసులో ఒకరి నుంచి ఇంకొకరికి మెయిల్ పంపి చూశాను. చేరింది. బయటి నుంచి మాత్రం ఒక్కటి కూడా పంపి చూడలేదు. ఎందుకు చూడలేదు? ఆకలేస్తోంది, ఇంటికి పోదామనిపించింది. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు వెతుక్కున్నానో.

కంపెనీలు మెయిల్ రాసేది ఆఫీసు పేరు మీద ఉన్న చిరునామాకు. దానికి వచ్చినవన్నీ మామకు చేరాలని పాత సర్వర్లో నేను రాసిపెట్టాను. కొత్తదానికి ఆ సంగతి చెప్పడం మరిచాను. కొత్త సర్వర్ 'కాసేపాగి రండి' అని చెప్పి ఉంటే పంపినవాళ్ళ సర్వర్ మళ్ళీ మళ్ళీ ప్రయత్నించేది. కానీ అది ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరని చెప్పి, వచ్చిన ప్రతి మెయిల్‌నూ తిప్పి పంపేసింది.

ఆదివారం మనకు సెలవు. వాళ్ళకు పనిరోజు. ఆ రోజే ఒక కంపెనీ మెయిల్ పంపింది. వెల్డరుగా ఖాదర్‌ను ఎంపిక చేశాం, సోమవారం లోపల ఒప్పుకుంటూ జవాబు పంపండి అని. ఖాదర్ మామకు సొంత అక్క కొడుకు. వాళ్ళది జమ్మలమడుగు. ఉద్యోగం ఖాయమన్న నమ్మకంతో ఎర్రగుంట్ల దగ్గర ఫ్యాక్టరీ పని మానేసి కూర్చున్నాడు. సోమవారం మెయిళ్ళేవీ కనబడకపోతే, రాలేదేమో అనుకున్నాడు మామ. మంగళవారం ఆఫీసు ఓనరు ఆ కంపెనీకి ఫోన్ చేస్తే, మెయిల్ పంపినా జవాబు రాలేదు, ఇంకొకరిని తీసుకున్నాం అన్నారు కంపెనీవాళ్ళు. తిరిగొచ్చిన మెయిల్‌ను అక్కడ ఎవరూ చూసుకున్నట్టు లేదు.

నన్ను పిలిపించారు. సర్వర్ తెరవగానే అంతా కనబడింది. గబగబా సరిచేశాను. ఏమైందని ఓనరు వెనక నుంచి అడిగాడు. "సర్వర్ బాగానే ఉంది సార్," అన్నాను. ఆ క్షణానికి అది నిజమే కదా! ఓనరు మామ వైపు ఒక చూపు చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

మామ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. కీబోర్డు నా ముందుకు జరిపాడు. ప్లాస్టర్ ఒక మూల లేచి ఉంది.

"ఈడ జూడప్పా, లేసిపోయింది. నా చెయ్యేమన్నా తగిలింటాదా?"

నేను కీబోర్డును పక్కకు జరిపాను.

"నిజం చెప్పు. నాకు తెలీకుండా నొక్కింటానా? శానా ఆశ పెట్టుకోనుండాడు ఖాదరు."

"నొక్కింటావేమో మామా," అన్నాను. "చూసుకోకుండా."

ఆయన ప్లాస్టర్ లేచిన మూలను బొటనవేలితో అదిమి అతికించాడు.

నాకు భయమేసింది. వీడి చేతిలో మెయిళ్ళు పోతాయట అన్న మాట పుడితే ఈ ఊళ్ళో నన్నెవరు పిలుస్తారు? అదే ఆలోచించాను. కానీ ఓనరుకు అబద్ధం చెప్పినా మామకు చెవిలో నిజం చెప్పొచ్చు కదా? ఎందుకు చెప్పలేదు? ఆయన ఆ తప్పును తన మీద వేసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. నేను ఊరికే తలూపితే చాలు. నన్ను నమ్మే మనిషి కాబట్టే అంత సులభమైంది. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మామ ఉద్యోగం మానేశాడు. జమ్మలమడుగు వెళ్ళి, తన చేత్తోనే ఖాదర్ ఉద్యోగం పోగొట్టానని అక్కకు చెప్పాడు. ఆమె గడప దాటనివ్వలేదు. ఖాదర్ లారీలకు సిమెంటు బస్తాలెత్తే పనికి కుదిరాడు. నిజం చెబుదామని ఒకసారి జమ్మలమడుగు దాకా పోయాను. బస్టాండులో టీ తాగి, వచ్చిన బస్సుకే తిరిగొచ్చాను. ఇప్పుడు పులివెందులలో కూడా నాకు ఆఫీసులున్నాయి. ప్రతి అప్‌గ్రేడ్ తర్వాత ముందు బయటి నుంచి మెయిల్ పంపి చూస్తాను. ఎంత జాగ్రత్త మనిషో అని అందరూ మెచ్చుకుంటారు. నేను తల వంచుకుని వైర్లు సర్దుకుంటాను.

ఈమధ్య మా ఊరి బస్టాండులో మామ కనబడ్డాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి సంతోషంగా చేయి పట్టుకున్నాడు. అక్క చనిపోయిందట. చివరిదాకా మాట్లాడలేదట. కబరస్తాన్‌లో అందరికంటే వెనక నిలబడి, మూడు పిడికెళ్ళ మట్టి వేసి వచ్చాడట. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు. వాళ్ళమ్మ ఫొటో ఒకటి ఖాదర్ పంపాడట. వచ్చి వారమైనా ఈయన తెరవలేదు.

"నువ్వే నొక్కప్పా. నేను ముట్టుకుంటే పోతాది."

తెరిచి చూపించాను. చేతులు వెనక్కి కట్టుకుని, ఫోన్ మీదకు వంగి చాలాసేపు చూశాడు. అప్పుడైనా చెప్పాల్సింది. అక్కే లేనప్పుడు ఇప్పుడు చెప్పి ఎవరికి ఉపయోగం అనిపించింది. అది కూడా సాకేనేమో. ఇంతలో బస్సు వస్తే ఆయన్ను ఎక్కించి, చేయి ఊపాను.

ఆయన ఇది చదవడు. ఫోన్ ముట్టుకోవడానికే భయపడే మనిషి. అయినా ఆ రోజు ఆయన అడిగినదానికి జవాబు ఇక్కడైనా రాయనివ్వండి. లేదు మామా. నీ చెయ్యి తగల్లేదు. నువ్వు ఏ బటనూ నొక్కలేదు.