ప్రభువు బల్ల దగ్గర కార్బ్స్ వద్దన్నవాణ్ణి

మొన్న ఆదివారం చర్చిలో నేనేం చేశానో మీదాకా వచ్చిందా? రాకపోతే నేనే చెప్పేస్తా. వేరేవాళ్ల నోట వింటే ఇంకా ఘోరంగా ఉంటుంది.

ముందు అసలు సంగతి. మా రూతక్కకి లివర్ పాడైంది. బెంగళూరు పక్కన హొసకోటెలో నర్సు, అందరి జబ్బులూ తనే చూసుకునేది. తన దాకా వచ్చేసరికి మార్పిడి తప్ప దారి లేదన్నారు. నా లివర్‌లో ముక్క కోసి పెట్టొచ్చట, మ్యాచ్ అయింది. కానీ డాక్టర్ నా స్కాన్ చూసి, "మీ లివర్‌లో కొవ్వుంది. అది తగ్గితేనే ఇవ్వగలరు" అన్నారు. అక్క ప్రాణం వచ్చి నా పొట్ట మీద పడింది! భయమేసింది. నిజంగా.

రెండు నెలలుగా డైటింగ్. సోమవారం నుంచి శుక్రవారం దాకా బుద్ధిమంతుణ్ణే. కొంప ముంచేది శనివారం. సర్జాపుర రోడ్డులో మా సాఫ్ట్‌వేర్ ఆఫీసు, కొత్త వెర్షన్ బయటికి వదిలే రిలీజ్ డ్యూటీ రాత్రంతా. టీమంతా తెల్లారేదాకా తింటూనే ఉంటారు. డైటీషియన్ మేడమ్ గట్టిగా చెప్పారు. "అన్నం, బ్రెడ్డు, స్వీట్లు, ఈ కార్బ్స్ అన్నీ బాగా తగ్గించండి. భోంచేసే డ్యూటీకి వెళ్లండి. మధ్యలో ఆకలేస్తే ఉడికించిన గుడ్లు. ఇంటికొచ్చాక పూర్తిగా పడుకోండి. నిద్ర కూడా డైటే!"

మొన్న శనివారం రాత్రి బిర్యానీ వచ్చింది. "బ్రో, ఒక్క ముద్ద?" "వద్దు బ్రో, కార్బ్స్!" తర్వాత పిజ్జా. "కార్బ్స్!" ఎవరిదో బర్త్‌డే కేక్. "కార్బ్స్!" హెడ్‌సెట్ తీయకుండానే అరిచేవాణ్ణి. గెలిచేశాననుకున్నా.

నిద్ర దగ్గర తప్పాను. తెల్లారితే నెలలో మొదటి ఆదివారం, ప్రభువు బల్ల, అంటే చర్చిలో అందరికీ రొట్టె ముక్క, ద్రాక్షరసం ఇచ్చే రోజు. పైగా చాన్నాళ్ల తర్వాత అక్క చర్చికి వస్తానంది. "నువ్వు పడుకో, నేను తోడుంటాలే" అంది మా ఆవిడ సునీత. వింటేగా! తర్వాత నిద్ర పాడవుతుందని కాఫీ కూడా మానేసి, వెళ్లి ఇద్దరి మధ్యా కూర్చున్నా. ప్రార్థనకి కళ్లు మూశా. అంతే సంగతులు.

మా పాస్టరుగారు తరతరాలుగా బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువారు. రొట్టె ముక్కల పళ్లెం పట్టుకుని బెంచీ బెంచీకీ వస్తారు. నా ముందుకొచ్చి, "తీసుకోప్పా" అన్నారట. నేను కళ్లు తెరవకుండానే, హెడ్‌సెట్ పెట్టుకున్నవాడి గొంతుతో, "వద్దు బ్రో, కార్బ్స్! బాక్స్‌లో గుడ్లు తెచ్చుకున్నా!"

ముందు బెంచీలవాళ్లంతా వెనక్కి తిరిగి చూశారట. సునీత గిల్లిన గిల్లుడికి కళ్లు తెరిచా. ఎదురుగా తెల్లంగీలో పాస్టరుగారు. చచ్చాను రా దేవుడా!

"ఏమప్పా, ఆఫీసులో ఉండావనుకుంటివా?" అన్నారాయన.

ఇంతలో పక్కనుంచి ఏదో శబ్దం. అక్కకి ఏమైందోనని హడలిపోయి చూశా. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది! తను నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో. "క్షమించండి అయ్యగారూ, నా కోసమే కడుపు మాడ్చుకుంటున్నాడు" అంటూ అంటూనే ఏడ్చేసింది. నాకూ కన్నీళ్లు ఆగలేదు.

పాస్టరుగారు ఓ ముక్క నా చేతిలో పెట్టారు. "ఇంతదానికి కొవ్వు పెరగదులేప్పా. తిను."

నిన్న మళ్లీ స్కాన్. కొవ్వు తగ్గింది, ఇవ్వొచ్చు అన్నారు డాక్టర్. నేను కళ్లు తుడుచుకుంటుంటే, అక్క నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఆయన్ని చాలా సీరియస్‌గా అడిగింది. "లివర్ ఒక్కటే కదండీ నాకొచ్చేది? వీడి తెలివితేటలు అంటుకోవు కదా?"

అంటుకోవని ఆయన మాటిచ్చాకే ఆపరేషన్‌కి ఒప్పుకుంది.