సొకోర్రో కేకకు వచ్చిన అతిథి

సొకోర్రో బెహరానో గొంతు గురించి ఆ వీధిలో ఎవరినడిగినా ముందు చెవి రుద్దుకుని, ఆ తర్వాతే జవాబు చెప్పేవారు. టూసాన్ అనే ఎడారి ఊరికి దక్షిణపు కొసన, ఎండిన వాగు ఒడ్డున ఉండే వీధి అది. ఆమె ఉద్యోగం చేసినన్నాళ్ళూ బడి క్యాంటీన్‌ను రాణిలా ఏలింది. గరిటెతో పళ్ళెం మీద ఒక్కటి కొట్టి నోరు తెరిచిందంటే బడి బడంతా గప్‌చుప్. హెడ్మాస్టరు సైతం ఆమె చూస్తున్నంతసేపూ ఉడికించిన క్యారెట్టు వదలకుండా తినేవాడు. సొకోర్రో అన్నది తల్లి పెట్టిన పేరు. వాళ్ళ స్పానిష్‌లో ఆ మాటకు ‘కాపాడండి’ అని అర్థం. ఎవరి బారి నుంచి కాపాడాలో కూడా పేరులోనే చెప్పి ఉంటే బాగుండేదని ఆమె చేతి కింద పనిచేసినవాళ్ళు గొణుక్కునేవారు.

మొగుడు ఎలియుతేరియో. అందరికీ లూతే. కార్ల సీట్లకు తొడుగులు కుట్టి రిటైరయ్యాడు. పెళ్ళినాడు ఫాదర్ అడిగిన ప్రశ్నకు కూడా తలూపి ఊరుకున్నాడని చెప్పుకుంటారు. వీళ్ళిద్దరితోపాటు ఆ ఇంట్లో దుకేసా అని ఒక చివావా కుక్క ఉండేది. బరువు చూస్తే చేతిసంచీ అంత, గర్వం చూస్తే జమీందారిణి అంత.

ఆ ఏడాది లూతేకు షుగరూ బీపీ రెండూ కలిసి వచ్చాయి. ఉప్పు మానాలి, పంది కొవ్వు మానాలి, వేపుళ్ళు మానాలి అన్నాడు డాక్టరు. సొకోర్రోకు ఆ మాట శిలాశాసనం. ఆ రోజు నుంచి లూతే పళ్ళెంలో ఉడికించిన గుమ్మడి, ఉడికించిన క్యారెట్టు, తోలు ఒలిచి ఉడికించిన కోడి.

“పెరట్లో గాలికి కూచుని తింటానే” అన్నాడు లూతే, అంతే.

రోజూ పొద్దు వాలే వేళకి సొకోర్రో వంటింటి కిటికీలోంచి కేకేసేది: “లూతే! కూడు చల్లారిపోతోంది, రావయ్యా!” ఆ కేక వాగు దాటి అవతలి మెట్ట దాకా పోయేది. లూతే పళ్ళెం అందుకుని పెరట్లోకి వెళ్ళేవాడు. కాసేపటికి తళతళలాడే పళ్ళెంతో తిరిగి వచ్చేవాడు.

“నాకేశావా ఏంటయ్యా?”

“బావుందే.” ఆపైన టోపీ పెట్టుకుని, “డాక్టరు నడవమన్నాడుగా” అంటూ వీధిలోకి పోయేవాడు.

తన వంటను ఇంత ఇష్టంగా తిన్న మనిషి సొకోర్రోకు జన్మలో తగల్లేదు. పక్కింటి చాయోతో గొప్పలు పోయేది కూడా.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం పెరటి గోడ మీద కొయోటీ కనిపించింది. కొయోటీ అంటే నక్కకు అన్న, తోడేలుకు తమ్ముడు. ఆ ఊళ్ళో వాటిని చూడనివాళ్ళుండరు. కానీ అవి వాగులో దూరంగా, దొంగచూపులు చూస్తూ పోతాయి. ఇదలా కాదు. బంధువుల ఇంటికొచ్చినట్టు గోడెక్కి కూచుని, దుకేసాను చూస్తూ మూతి నాక్కుంది.

సొకోర్రో కుక్కను చంకనేసుకుని గొంతెత్తింది. “ఫో! ఫో ఇక్కణ్ణుంచి, వెధవా!”

కొయోటీ చెవులు నిక్కబొడుచుకుంది. తోక ఊపింది. ఇంకాస్త దగ్గరికి జరిగింది.

ఆమె మళ్ళీ అరిచింది. బడి పిల్లలు పక్క తడిపేసుకునే అరుపు. కొయోటీ ముందుకాళ్ళు చాచి, ఒళ్ళు విరుచుకుని, నాలుక వేలాడేసింది.

గోడ అవతల నుంచి చాయో కిసుక్కున నవ్వింది. “ఏం వదినా, నీ మాట వినని ప్రాణి కూడా పుట్టిందే భూమ్మీద!”

సొకోర్రోకు ఆ రాత్రి అన్నం సహించలేదన్నది నిజం. కుక్కకు ముప్పని కొంత భయం, కానీ అసలు బాధ అది కాదు. తన గొంతుకు వయసైపోయిందేమోనని. మర్నాడు బాత్రూములో తలుపేసుకుని అరిచి చూసుకుంది. వీధి చివర ఎవరిదో కారు అలారం మోగింది. గొంతు బాగానే ఉంది. మరి ఆ జంతువుకేం రోగం?

అటుపైన అది రోజూ రావడం మొదలెట్టింది, సరిగ్గా భోజనం వేళకే. లూతే మాత్రం దాని ప్రసక్తి వచ్చినప్పుడల్లా చెప్పుల వంక చూసేవాడు. మూల పడేసిన ఎర్ర రెగ్జిను తీసి, ఎవరూ అడక్కుండానే, దుకేసాకు ఒక చొక్కా కుట్టాడు. మెడ చుట్టూ, వీపు మీదా ప్లాస్టిక్ ముళ్ళు పొదిగాడు. కొయోటీ నోట కరుచుకుంటే ముళ్ళు గుచ్చుకుని వదిలేయాలని. అది తొడుక్కుని దుకేసా పనసకాయకు కాళ్ళొచ్చినట్టు తిరిగేది.

“నీకు దానిమీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టుకొచ్చిందయ్యా?” అని సొకోర్రో ఆశ్చర్యపోయింది.

చాయో ఫోన్ చేయగా వన్యప్రాణుల శాఖ నుంచి మిస్ ప్రూయిట్ అనే అమ్మాయి వచ్చింది. ఎండకు కందిన ముఖం, మోకాళ్ళ దాకా బూట్లు. ముందు పాఠం చెప్పింది: కొయోటీ ఎదురైతే పరిగెత్తకూడదు, వీపు చూపకూడదు. చేతులెత్తి పెద్దగా కనబడాలి, కేకలెయ్యాలి, గిన్నెలు మోగించాలి. చిన్న కుక్కను ఒంటరిగా పెరట్లో వదలకూడదు.

“కేకలా? నాకా చెప్తున్నావు అమ్మాయ్?” అంది సొకోర్రో. చాయో మూతికి కొంగడ్డం పెట్టుకున్నట్టు చెయ్యడ్డం పెట్టుకుంది.

మిస్ ప్రూయిట్ గోడ దూకి వాగులోకి దిగింది. కొయోటీ పెంటిక ఒకటి కనబడితే పుల్లతో విడదీసి చూసింది. “ఎలుకల బొచ్చు లేదు. కుందేలు ఎముక లేదు. క్యారెట్టు ముక్కలున్నాయి. గుమ్మడి గింజలు. ఈ వీధిలో ఎవరో దీనికి పథ్యం వండి పెడుతున్నారు.”

సొకోర్రో గోడ మీదుగా వంగింది. క్యారెట్టు ముక్కలు అన్నీ పాచికల్లా ఒకే కొలత. ప్రపంచంలో ఆ కోత ఇంకెవరికీ రాదు.

ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది. లూతే అప్పటికే తలుపు దాకా చేరాడు.

“లూతే.”

కేక వెయ్యలేదు. మామూలుగా పిలిచింది. అందుకే ఆయన కాళ్ళు అక్కడికక్కడే నిలిచిపోయాయి.

“అది కాదే సొకో... మొదట్రోజు పారబోశానంతే. అది వచ్చి తినేసింది. మర్నాడూ వచ్చింది. ఆశగా చూస్తుంటే...”

“మరి నువ్వేం తిని బతుకుతున్నావు?”

లూతే చెప్పుల్నే అడిగి చెప్పినట్టు గొణిగాడు. “వీధి మూల తిండి బండి. పంది బేకన్ చుట్టిన సాసేజి. బన్నులో పెట్టి, పైన బీన్సు, మయొనీసు...”

“అందుకా, ఇంత పథ్యం చేసినా షుగరు పెరిగిందేంటని డాక్టరు బుర్ర గోక్కున్నది!”

చాయో ఆ రోజూ వేసే కేక సంగతి చెప్పగానే మిస్ ప్రూయిట్‌కు అంతా తేటతెల్లమైంది. “మీరు కూడుకు రమ్మని కేకేస్తారు, ఈయన దానికి వడ్డిస్తాడు. అంటే మీ కేక దానికి భోజనం గంట అమ్మా. మీరెంత అరిస్తే అది అంత సంబరపడుతుంది.”

జీవితమంతా జనాన్ని అదిలించిన గొంతు ఒక జంతువుకు విందు పిలుపైందని వినడం సొకోర్రోకు చిన్న విషయం కాదు. అలాగని పూర్తిగా కోపమూ రాలేదు. “ఒక్క మెతుకు కూడా మిగల్చలేదా అది?” అని అడిగింది.

“గిన్నె కడిగినట్టు తినేదే” అన్నాడు లూతే.

“ఊఁ” అంది, కాస్త మెత్తబడి.

పరిష్కారం మిస్ ప్రూయిట్ చెప్పింది. పెట్టిన మనిషే తరమాలి. భోజనం వేళ సొకోర్రో నోరు మెదపకూడదు, లూతే అరవాలి.

“ఈయనా!” అన్నారు సొకోర్రో, చాయో ఒక్కసారే.

ఆ సాయంత్రం సొకోర్రో వంటింటి కిటికీ వెనక నిలబడింది. మాట తప్పి నోరు జారుతుందేమోనని గిన్నెలు తుడిచే గుడ్డ పళ్ళ మధ్య కరుచుకుంది. లూతే పెరట్లో రెండు మూకుడు మూతలు పట్టుకుని నించున్నాడు. వేళకు కొయోటీ గోడెక్కింది.

“వెళ్ళు నాయనా” అన్నాడు లూతే. “ఇంక లేదు. అయిపోయింది. ఏమనుకోకు.”

కొయోటీ పెరట్లోకి దూకింది. లూతే కూచుని తినే బల్ల దగ్గరికి వచ్చి, పళ్ళెం కోసం వెతికింది. అప్పుడే తలుపు సందులోంచి దుకేసా బాణంలా దూసుకుపోయింది. ముళ్ళ చొక్కా వేసుకున్నాక దానికి భయమన్నదే పోయింది. కొయోటీ తల తిప్పి, పళ్ళు బయటపెట్టింది.

గాభరాలో లూతేకు తట్టింది ఒకే ఒక్క మాట. నలభై ఏళ్ళుగా ఏ కష్టమొచ్చినా ఆయన లోలోపల పిలుచుకున్న పేరు. ఈసారి అది బయటికొచ్చింది.

“సొకోర్రో! సొకోర్రో!”

మూతలు రెండూ ఫెళ్ళుమన్నాయి. ‘కాపాడండి, కాపాడండి’ అని వీధి వీధంతా విన్నది. చాయో చీపురుతో గోడెక్కింది. ఎదురింటి మంగలి గడ్డానికి నురగతో ఉన్న మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎవరో నీళ్ళ పైపు తెచ్చారు, ఎవరో తపేలా తెచ్చారు, ఒకావిడ తొందరలో ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చింది. కొయోటీ తన జన్మలో అంతమంది పిచ్చివాళ్ళను ఒకేచోట చూసి ఉండదు. గోడను తాకనైనా తాకకుండా అవతలికి ఎగిరింది. వాగులో దుమ్ము మాత్రం మిగిలింది.

“ఎవరికేమైంది? ఎవరు పోయారు?” అని అందరూ రొప్పుతున్నారు.

“ఎవరూ పోలేదు” అంది సొకోర్రో, గుడ్డ నోట్లోంచి తీసి. దుకేసాను ఎత్తుకుంది. లూతేను కుర్చీలో కూచోబెట్టింది. “మా ఆయన నన్ను పిలిచాడు. అంతే.” చెబుతున్నప్పుడు ఆమెకే తెలియకుండా ముఖం ఎర్రబడింది.

ఆ తర్వాత మరో వారం లూతే మూతలు మోగించాల్సి వచ్చింది. రానురాను ఆయన అరుపుకు కాస్త పస కూడా వచ్చింది. కొయోటీ గోడ మానేసింది. అప్పుడప్పుడూ వాగు అవతల కుందేలు వెంట పడుతూ, మునుపటిలా దొంగచూపులు చూస్తూ పోతుండేది.

లూతే ఒట్టు పెట్టి సాసేజి బండి మానాడు. సొకోర్రో కూడా తొలిసారి ఆ పథ్యం కూడు నోట్లో పెట్టుకుని చూసింది. నమిలి, నమిలి, ఎలాగో మింగి, గిన్నె మీద మూత పెట్టేసింది. ఆ మర్నాటి నుంచి ఉప్పు వెయ్యకపోయినా పచ్చిమిరపా, నిమ్మరసమూ, కొత్తిమీరా ధారాళంగా పడ్డాయి.

ఒక్క చిక్కు మిగిలింది. భోజనానికి కేకెయ్యడానికి లేదు. మొదట్లో సొకోర్రో పెరటి చివరిదాకా నడిచి వెళ్ళి ఆయన భుజం తట్టి, మళ్ళీ మెట్లెక్కి వంటింటికి వచ్చేది. మోకాళ్ళు పట్టేసేవి. విసుగొచ్చి ఒక రోజు తన పళ్ళెం కూడా బయటికే తెచ్చుకుంది. ఇద్దరూ వాగు కేసి చూస్తూ తిన్నారు. పెళ్ళయిన కొత్తలో తప్ప అలా కూచున్నది లేదు. ఆమె మాట్లాడుతోంది, ఆయన తలూపుతున్నాడు.

“ఎట్లా ఉంది?” అంది మధ్యలో ఆగి.

లూతే నమలడం ఆపి, కాస్త ధైర్యం కూడగట్టుకున్నాడు. “గుమ్మడి బాలేదే.”

సొకోర్రో కళ్ళు పెద్దవయ్యాయి. ఆయన పళ్ళెం వైపు చూసింది, ఆయన మొహం వైపు చూసింది.

“నాకూ బాలేదు” అంది.